అన్నదమ్ముల తగవు, ఆడబిడ్డ హక్కు

 



గడచిన నెలలో ఒకనాడు మగ్రిబ్ నమాజ్ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు ఒక స్టాంపు కాగితం పట్టుకుని మా వద్దకు వచ్చారు. తండ్రి మరణించి ఎంతోకాలం కాలేదు. తల్లి ఇద్దత్ ఇంకా ముగియలేదు. పాత అల్వాల్‌లోని తండ్రి ఇంటిలో తమ వాటాను ఇద్దరు చెల్లెళ్లు సంతోషపూర్వకంగా వదులుకుంటున్నారని ఆ కాగితంలో రాసి ఉంది. సాక్షిగా మా సంతకం కావాలన్నారు. చెల్లెళ్లను అడిగారా అని ప్రశ్నించాం. “అడగడానికి ఏముంది హజ్రత్, మేం చెబితే కాదనరు” అన్నాడు పెద్దవాడు. మేము సంతకం చేయలేదు. ఈ వారం ఖుత్బాకు ఈ విషయం ఎన్నుకోవడానికి ఆ కాగితమే కారణం.

తండ్రి ఆస్తిపై తోబుట్టువుల తగవు మన కాలంలో పుట్టినది కాదు. యూదుల హీబ్రూ గ్రంథంలో మొదటిదైన ఆదికాండం దాదాపు మొదటినుండి చివరివరకు ఈ తగవులతోనే నిండి ఉంది. అందులో హజ్రత్ ఇస్‌హాఖ్ అలైహిస్సలాం వారి కవల కుమారుల కథ ప్రసిద్ధమైనది. ముందు పుట్టినవాడు ఏశావు, వెనుక పుట్టినవారు యాఖూబ్. వేట నుండి ఆకలితో వచ్చిన అన్న ఒక గిన్నెడు పప్పు వంటకం కోసం తన జ్యేష్ఠత్వ హక్కును తమ్ముడికి అమ్ముకున్నాడని, ఆ తర్వాత చూపు మందగించిన తండ్రిని ఏమార్చి తమ్ముడు అన్నకు రావలసిన దీవెనను కూడా పొందాడని అక్కడ రాసి ఉంది.

ఇక్కడ మనం ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఏశావు ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లో లేదు. గ్రంథ ప్రజలు చెప్పే వృత్తాంతాలను నిజమని గానీ అబద్ధమని గానీ తీర్మానించవద్దని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. అయితే ఒక ప్రవక్త తన తండ్రిని మోసం చేశారన్న మాటను మాత్రం మన విశ్వాసం అంగీకరించదు. కనుక ఆ కథను మేము యాఖూబ్ అలైహిస్సలాం వారి చరిత్రగా చెప్పడం లేదు. ఆ కాలపు సమాజంలో వారసత్వం ఎలా ఉండేదో తెలిపే సాక్ష్యంగా మాత్రమే చూస్తున్నాం.

ఆ సాక్ష్యంలో ఒక మాట ఆలోచించదగినది. జ్యేష్ఠత్వ హక్కుకు హీబ్రూలో ‘బెఖోరా’ అని పేరు. అరబీ చదివినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. తొలి సంతానాన్ని మనం ‘బిక్ర్’ అంటాం, రెండింటి ధాతువు ఒకటే. ఆ హక్కు విలువ ఎంతో ద్వితీయోపదేశకాండం చెబుతుంది. పెద్ద కొడుకుకు రెండు పాళ్లు, తక్కిన కొడుకులకు ఒక్కొక్క పాలు. అంతేకాదు, ఇద్దరు భార్యలున్న పురుషుడు తాను ప్రేమించే భార్య కొడుకును ముందుకు తెచ్చి, ప్రేమించని భార్యకు పుట్టిన పెద్దవాడి హక్కును తొలగించరాదని కూడా అక్కడ ఆజ్ఞ ఉంది. ఇలాంటి ఆజ్ఞ రాయవలసి వచ్చిందంటే తండ్రులు ఆ పని చేస్తూ ఉండేవారనే కదా అర్థం.

ఈ లెక్కలో కూతురు ఎక్కడుంది? ఆ ప్రశ్నను ఐదుగురు ఆడపిల్లలు అడిగారు. సంఖ్యాకాండంలో వారి పేర్లు కూడా ఉన్నాయి: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. వారి తండ్రి సెలోపెహాదు ఎడారిలో మరణించాడు. కొడుకులు లేరు. కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు వంశంలో ఎందుకు చెరిగిపోవాలని ఆ పిల్లలు హజ్రత్ మూసా అలైహిస్సలాం వారి ఎదుట, సమాజం అంతటి ఎదుట నిలబడి అడిగారు. వారి మాట న్యాయమైనదని అల్లాహ్ తీర్పు వచ్చిందని ఆ గ్రంథం చెబుతుంది. అయితే ఆ తీర్పు కొడుకులు లేని ఇంటికే వర్తించింది. తర్వాత, భూమి మరో గోత్రానికి పోకుండా వారు తమ గోత్రంలోనే వివాహమాడాలన్న షరతు కూడా వచ్చింది. వారు తండ్రి అన్నదమ్ముల కుమారులనే పెళ్లాడారు.

ఇప్పుడు మదీనా చూడండి. హిజ్రీ 3వ సంవత్సరం ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) షహీదయ్యారు. ఇద్దరు కుమార్తెలు, భార్య మిగిలారు. అరబ్బుల పాత ఆచారం ప్రకారం ఆయుధం పట్టగలవాడికే ఆస్తి. పిల్లల బాబాయి మొత్తం తీసుకున్నాడు. ఆ తల్లి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, ఆస్తి లేకపోతే ఈ పిల్లలకు పెళ్లిళ్లు ఎలా జరుగుతాయని మొరపెట్టుకున్నది. అల్లాహ్ నిర్ణయిస్తాడని ప్రవక్త (స) అన్నారు. సూరా నిసాలోని వారసత్వ ఆయత్ అవతరించింది. బాబాయిని పిలిపించి కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇమ్మని, మిగిలినది నీదని తీర్పు చెప్పారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే పిల్లలకు 16, తల్లికి 3, బాబాయికి 5.

సెలోపెహాదు కూతుళ్ల ప్రశ్న, సఅద్ (రజి) భార్య ప్రశ్న ఒకటే. తేడా జవాబు పరిధిలో ఉంది. మదీనాలో వచ్చిన చట్టం కొడుకులున్న ఇంటిలో కూడా కూతురికి వాటా నిర్ణయించింది. పెద్దవాడికి అదనపు పాలు లేదు. వాటా కొద్దిదైనా గొప్పదైనా అది విధిగా నిర్ణయమైనదేనని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. తండ్రి ఇష్టానికి, అన్న దయకు అది విడిచిపెట్టబడలేదు. బ్రతికి ఉండగా ఒక్క కొడుకుకే కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని కోరిన హజ్రత్ బషీర్ (రజి) వారితో ప్రవక్త (స) తక్కిన పిల్లలకు కూడా ఇలాగే ఇచ్చావా అని అడిగి, లేదన్నప్పుడు సాక్ష్యానికి నిరాకరించారు. ఆ ఇద్దరు అన్నదమ్ముల కాగితం చూసినప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చిన హదీసు ఇదే.

సోదరులారా! అంతా ఒక్కరికే చెందాలన్న చోట ఏమవుతుందో తెలుసుకోవడానికి మన గడ్డ చరిత్ర చాలు. ఆసఫ్‌జాహీ రాజ్య స్థాపకుడు నిజాముల్ ముల్క్ 1748లో బుర్హాన్‌పూర్‌లో మరణించాడు. ఆరుగురు కొడుకులు. వారిలో నాసిర్ జంగ్ తండ్రి జీవించి ఉండగానే 1741లో తిరుగుబాటు చేసి ఓడి, క్షమాపణ పొందినవాడు. తండ్రి తర్వాత గద్దె ఎక్కినది ఆయనే. కూతురి కొడుకు ముజఫర్ జంగ్ అడ్డం తిరిగాడు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర కడప నవాబు చేతిలో నాసిర్ జంగ్ చనిపోయాడు. రెండు నెలలు తిరగకుండానే కడప సీమలో ముజఫర్ జంగ్ చనిపోయాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దె ఎక్కించాడు. అందరికన్నా పెద్దవాడైన గాజీఉద్దీన్ తన హక్కు కోసం ఢిల్లీ నుండి బయలుదేరి వచ్చి 1752లో ఔరంగాబాద్‌లో మరణించాడు. విషం పెట్టారని చరిత్రకారులు రాశారు. చివరకు 1762లో తమ్ముడు నిజాం అలీ ఖాన్ సలాబత్ జంగ్‌ను తొలగించి బీదరు కోటలో బంధించాడు. మరుసటి సంవత్సరం అతడు ఆ చెరలోనే చనిపోయాడు.

రాజ్యం మీరాస్ కాదు, దానికి సూరా నిసా లెక్క వర్తించదు. ఆ మాట మాకు తెలుసు. అయితే ఆ తగవు ఖర్చు ఎవరు భరించారో చూడండి. సలాబత్ జంగ్ తనను నిలబెట్టిన ఫ్రెంచి సైన్యం జీతాల కోసం 1753లో శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులను వారికి అప్పగించాడు. 1766లో నిజాం అలీ ఖాన్ ఆ సర్కారులనే ఇంగ్లీషు కంపెనీకి రాసి ఇచ్చాడు. ఆదోని ఏలుతున్న మరో తమ్ముడు బసాలత్ జంగ్‌కు బ్రతికినంత కాలం అని విడిచిన గుంటూరు కూడా 1788లో కంపెనీ వశమైంది. దీనంతటికీ అన్నదమ్ముల కలహమే కారణమంటే చరిత్రకు అన్యాయం చేసినట్లే. కంపెనీల దురాశ ఉంది, మరాఠాల ఒత్తిడి ఉంది. కానీ బయటివారికి తలుపు తీసినది ఇంటివారే. ఆ తెలుగు జిల్లాలు, ఈ తెలుగు జిల్లాలు మళ్లీ ఒకే రాష్ట్రంగా కలిసినది 1956లో.

నిజాం అలీ ఖాన్ ఇంటిలోనూ అది ఆగలేదు. పెద్ద కొడుకు ఆలీజాహ్ 1795లో తండ్రిపై తిరగబడి, పట్టుబడి, తీసుకువస్తుండగా దారిలోనే మరణించాడు. 1803లో గద్దె తమ్ముడు సికందర్ జాహ్‌కు వచ్చింది. 1806 నుండి మన పక్కనున్న కంటోన్మెంటు ఊరిని సికిందరాబాద్ అంటున్నాం. రోజూ బస్సులో చెప్పే ఆ పేరు వెనుక ఒక అన్న సమాధి ఉందని మనలో ఎందరికి తెలుసు?

మన దగ్గర రాజ్యాలు లేవు. అల్వాల్‌లో ఒకప్పటి పొలాలు ప్లాట్లయ్యాయి, నూరు గజాల స్థలమే ఒక రాజ్యమైంది. 1937 షరీఅత్ చట్టం ఆచారాలను పక్కనపెట్టి వారసత్వంలో షరీఅత్‌నే వర్తింపజేసింది గానీ, అసలు పాఠంలో వ్యవసాయ భూమిని మినహాయించింది. దానిని సాకుగా చెప్పుకునేవారిని మేము చూశాం. ఆ మినహాయింపు చట్టానిది, ఖుర్ఆన్‌ది కాదు.

ఇతరులను అనే ముందు మా ఇంటి మాట చెప్పుకోవాలి. మదరసాలో వారసత్వ శాస్త్ర గ్రంథం సిరాజీని మేము ఉస్తాద్ ఎదుట కూర్చుని చదివాం. లెక్క తప్పేవాళ్లం కాదు. మా తండ్రిగారు మరణించినప్పుడు తల్లి, ఇద్దరు కొడుకులం, ఒక చెల్లెలు. నలభై భాగాల్లో తల్లికి 5, మా ఇద్దరికి 14 చొప్పున 28, చెల్లెలికి 7. కాగితంపై ఈ లెక్క వేయడానికి పావుగంట పట్టలేదు. చెల్లెలికి ఆమె 7 భాగాలు అప్పగించడానికి మాకు పదకొండు సంవత్సరాలు పట్టింది. అడిగినప్పుడల్లా ఆమె “ఉంచండి భాయీజాన్, నాకేం తక్కువ” అనేది. దానిని మేము అంగీకారంగా తీసుకున్నాం. ఒక ఈద్ నాడు మా తల్లి మాతో అన్నారు: “అది ఆస్తి వదులుకోవడం లేదు బేటా, పుట్టిల్లు పోతుందేమోనని భయపడుతోంది.”

పంచకముందే, చేతికి రాకముందే ‘నా వాటా మాఫ్’ అన్నంత మాత్రాన హక్కు పోదని మన ఫుఖహా రాశారు. ముందు వాటా ఆమెకు అప్పగించాలి. ఆ తర్వాత ఆమె ఎవరి ఒత్తిడీ లేకుండా ఇస్తే అది కానుక. లేదా ఇష్టపడి ఏదైనా ఒక వస్తువో సొమ్మో తీసుకుని తక్కినదాని నుండి తప్పుకోవచ్చు, దానిని తఖారుజ్ అంటారు. పెళ్లికి ఇచ్చిన కట్నకానుకలు వాటా కాదు, అది వేరు లెక్క.

ఆదికాండంలోనే మరో సంగతి ఉంది. ఇరవై ఏళ్లు దూరమైన ఆ ఇద్దరు కవలలు తండ్రి మరణించినప్పుడు కలిసి ఖననం చేశారు. అంతకుముందు ఇబ్రాహీం అలైహిస్సలాం వారిని ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ ఇద్దరూ కలిసి సమాధి చేశారని కూడా అక్కడ ఉంది. జనాజాకు కలవడం మనమూ చేస్తున్నాం. కలహం మొదలయ్యేది ఖబ్రస్తాన్ నుండి ఇంటికి వచ్చాక, బీరువా తాళం చెవి దగ్గర.

ఆ ఇద్దరు అన్నదమ్ములు మళ్లీ వచ్చారు. ఈసారి చెల్లెళ్లనూ, తల్లినీ కూర్చోబెట్టి మాట్లాడామని, లెక్క వేసి ఇమ్మని అడిగారు. నలభై ఎనిమిది భాగాలు: తల్లికి 6, కొడుకులకు 14 చొప్పున, కూతుళ్లకు 7 చొప్పున. ఎవరి ఇంటిలోనైనా పంపకం మిగిలి ఉంటే ఆదివారం అసర్ తర్వాత రండి. అప్పుల వివరం, వసియ్యత్ ఏదైనా ఉంటే దాని కాగితం, వారసులందరి పేర్లు రాసుకుని రండి. ఆడవారి పేర్లు కూడా.