ఇప్పచెట్టు దేవుడు ఎవరి దేవుడు?

కోటబొమ్మాళిలో కొత్తమ్మ తల్లి గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఊరు చల్లగా ఉండాలన్నా, పంట ఇంటికి చేరాలన్నా, పిల్లల ఒంట్లో బాగుండాలన్నా ఆ తల్లికే మొక్కుతారు. గ్రామదేవత పని అది. మా వసతిగృహంలో పిల్లలను అడిగితే గ్రీకుల సముద్ర దేవుడు పొసైడాన్ అనీ, ఉత్తర ఐరోపా వాళ్ల ఉరుముల దేవుడు థోర్ అనీ టకటకా చెప్పేస్తారు. ఫోన్లో చూసినవే అన్నీ. ‘సోనుం’ అంటే ఏమిటని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే ఈ సంచికలో మన దేవుళ్ల సంగతి రాద్దామనుకున్నాం.

ముందు మన పక్కనే ఉన్న శ్రీముఖలింగం వెళదాం. వంశధార ఒడ్డున, జలుమూరు మండలంలో ఉంది. అక్కడి శివుడి పేరు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. మన కొండల్లో ఇప్పపువ్వు తినే వస్తువు, ఇప్పగింజ నూనె వస్తువు, సారా సంగతి సరేసరి. ఆ చెట్టు పేరే ఇంత పెద్ద గుడి దేవుడికి ఎలా వచ్చింది? స్థలపురాణం ఇలా చెబుతుంది: ఒక సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. పెరట్లో ఇప్పచెట్టు. దాని కొమ్మల పూలు ఇద్దరూ పంచుకుని ఏరుకునేవారు. ఒకామె వాటా పూలు బంగారం కావడంతో తగవు మొదలైంది. విసిగిపోయిన నాయకుడు గొడ్డలితో చెట్టు నరికితే, మొదట్లో శివుడు ముఖంతో కనిపించాడు.

కథ ఇంతవరకూ మన ఇంటి కథలాగే ఉంది. పంపకాల తగవు, గొడ్డలి, ఇప్పపువ్వు, అన్నీ తెలిసినవే. అయితే దీనికి పైన ఒక ముక్క అతికించి ఉంది. ఆ సవరలు అసలు గంధర్వులట, ముని శాపం వల్ల సవరలుగా పుట్టారట. మనం ఆగి చూడవలసింది ఇక్కడే. చెట్టులో దేవుణ్ణి చూసినవాళ్లు సవరలని ఒప్పుకుంటూనే, సవరగా పుట్టడం శిక్ష అంటోంది ఆ కథ. మొదటి సగాన్ని గర్వంగా చెప్పుకుందాం. రెండో సగాన్ని మాత్రం ప్రశ్నించకుండా తలకెత్తుకోవద్దు.

ఈ శాపం వరస చాలా పాతది. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడు తన మాట వినని యాభైమంది కొడుకులను శపిస్తాడు. వాళ్ల సంతతి అంటూ ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు అని వరసగా చెబుతుంది ఆ గ్రంథం. ఆంధ్రులూ శబరులూ ఒకే తండ్రి తిట్టిన అన్నదమ్ములన్నమాట! ‘కొండోళ్లు’ అని ఎవరైనా చులకన చేస్తే ఈ మాట చెప్పండి.

ముఖలింగం నుంచి ఒక దారి పూరీకి పోతుంది. ముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరమని అక్కడి శాసనాలు చదివి నిరూపించినవారు గిడుగు రామమూర్తి. 1863లో ఆ దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టారు. ఆ వంశపు అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో రాజయ్యాడు. పూరీలో ఇప్పుడున్న జగన్నాథ ఆలయ నిర్మాణం అతని కాలంలోదే. పూరీ కథలో కూడా మొదట నీలమాధవుణ్ణి అడవిలో దాచి కొలిచినవాడు సవర పెద్ద విశ్వావసు. అతని వారసులమని చెప్పుకునే దైతాపతులు స్నానపూర్ణిమ నుంచి రథయాత్ర ముగిసేదాకా స్వామి సేవ చూస్తారు. దేవుడికి జ్వరం వచ్చినప్పుడు పథ్యం పెట్టేదీ, పాత దారుమూర్తి స్థానంలో కొత్తది నిలిపేదీ వాళ్లే. చుట్టరికం లేనివాళ్లకు అలాంటి పని అప్పజెప్పరు.

గుళ్లోకి చేరిన దేవుళ్ల సంగతి ఇది. గుళ్లోకి చేరని వాళ్లే మనకు ఎక్కువ దగ్గర. గ్రీకుల్లో ఒక్కో దేవుడికి ఒక్కో శాఖ, సర్కారు ఆఫీసులాగ. సవరల సోనుంల లెక్క వేరు. సూర్యుడు, భూమి, మశూచి, చిరుతపులి, వీటన్నిటికీ సోనుంలున్నారు. మనిషి ఎలా చనిపోతే ఆ సోనుం దగ్గరికి చేరతాడు. చిరుత పట్టినవాడు చిరుత సోనుంలోకి, ప్రమాదంలో పోయినవాడు సూర్యుడి దగ్గరికి. అక్కడి నుంచి వాళ్లు బతికున్నవాళ్లను తలుచుకుంటే ఇక్కడ జబ్బు వస్తుంది. అప్పుడు కురన్, తరచూ ఒక ఆడమనిషి, పూనకంలో కూర్చుంటుంది. చనిపోయినవాళ్లు ఆమె నోటితో మాట్లాడతారు. ఇంటివాళ్లు ఏడుస్తారు, నిలదీస్తారు, అప్పుల లెక్కలు కూడా తేల్చుకుంటారు. ఏళ్లు గడిచాక ఆ మనిషి కోపం చల్లారి పితృదేవతల్లో కలుస్తాడు, తన పేరు కొత్తగా పుట్టిన బిడ్డకిస్తాడు.

1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద పెద్ద పుస్తకం రాశారు. 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి పియర్స్ విటెబ్‌స్కీ ఈ సంభాషణల మీద 1993లో ఒక పుస్తకం, ఆ అలవాటు ఎలా పోతోందో చెబుతూ 2017లో మరొకటి రాశారు. మధ్యలో గడిచింది ఒక తరం, అంతే. వైద్యం అవసరమైన జబ్బుకు ఆసుపత్రికే వెళ్లాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ పోయిన అమ్మతో మాట్లాడుకునే చోటు ఆసుపత్రిలో ఉండదు.

గోడమీద వరిపిండితో గీసే ఇడితాల్ కూడా అలంకారం కోసం కాదు, సోనుంకి కట్టిన ఇల్లు. ఎర్రమట్టి గోడమీద సూర్యుడు, చంద్రుడు, చెట్టు, నాట్యం చేసేవాళ్లు ఉంటారు. కాలం మారాక అందులోకి సైకిలూ విమానమూ వచ్చి చేరాయి. ఇప్పుడు అవి సంచుల మీదా చీరల మీదా కనిపిస్తున్నాయి. అమ్ముకోవడం తప్పు కాదు, ఏ బొమ్మ ఎవరి ఇల్లో తెలిసి అమ్మండి.

గిడుగువారు సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించారు. ఆ మధ్యలోనే, 1936లో, ఒడిశా సవర పెద్ద మంగెయి గొమాంగో సొంత లిపి చేశాడు, సొరా సొంపెంగ్. అందులో ఇరవైనాలుగు అక్షరాలకు సవర దేవతల పేర్లే ఆధారం. ఒక్కో అక్షరం దిద్దుతుంటే ఒక్కో దేవత పేరు పలికినట్టే. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. పొసైడాన్ కథ చూస్తున్న ఆ ఫోన్లోనే ఇప్పుడు మన దేవుళ్ల పేర్లు టైపు చేయవచ్చు.