ఐ5 అంటే ఏ తరం ఐ5?

పోయినేడు మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. ల్యాప్‌టాప్ కావాలంది. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. చీటీ డబ్బులో 22,000 పక్కన పెట్టి, వాడిందే మంచిది చూద్దామని ముగ్గురం తర్లుపాడులో బస్సెక్కి మార్కాపురం వెళ్లాం.

షాపతను నల్లటి ల్యాప్‌టాప్ ఒకటి తీసి, "ఐ5 అక్కా, విండోస్ 11 కూడా వేశాం" అన్నాడు. మా ఆయన జేబులో చెయ్యి పెట్టారు. అప్పుడే హైదరాబాదు నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్. "అత్తా, ఐ5 సరే, ఏ జనరేషనో అడిగావా?" అన్నాడు.

నాకేం తెలుసు? నేను చదివింది తెలుగు బీఏ. డబ్బు ఇవ్వకుండా ఇంటికొచ్చేశాం. తర్వాత వారం రోజులు, వంటయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని, వాడు పంపినవన్నీ చదివాను. చదివితే ఇది మన ఇళ్లలో పేర్లు పెట్టే కథే అనిపించింది.

లోపల లెక్కలన్నీ చేసే చిప్పును ప్రాసెసర్ అంటారు కదా. ఇంటెల్ వాళ్లు ముందు వాటికి వట్టి అంకెలే పెట్టారు. 1985లో 386, 1989లో 486. పోటీ కంపెనీలు కూడా అవే అంకెలు వాడుకున్నాయి. ఒట్టి అంకెను ట్రేడ్‌మార్కుగా సొంతం చేసుకోవడం కుదరదని కోర్టులో తేలింది. దాంతో ఐదో దానికి 1993లో 'పెంటియం' అని పేరు పెట్టారు. గ్రీకులో 'పెంటె' అంటే ఐదు, మన 'పంచ'కు చుట్టమే. తెలుగువాళ్లను అడిగి ఉంటే ఆ పేరు పెట్టనిచ్చేవాళ్లం కాదు!

2008లో ట్రిపుల్ ఐటీలు మొదలైనప్పుడు నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపసుల్లో చేరిన పల్లెటూరి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. నేను ల్యాప్‌టాప్‌ను దగ్గరగా చూసింది అలా సెలవులకొచ్చిన ఒక పిల్ల ఒళ్లోనే. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లం, అది మాకు దేవుడి పటంలా కనిపించింది. అప్పటికి ల్యాప్‌టాప్‌లలో ఐ3, ఐ5 అనే పేర్లే లేవు. అవి వచ్చింది 2010 జనవరిలో.

అప్పటినుంచి ప్రతి ఏడాదో, ఏడాదిన్నరకో కొత్త తరం చిప్పులు. పేరు మాత్రం అదే ఐ5. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతాం చూడండి. ఊళ్లో ముగ్గురు సుబ్బయ్యలుంటే పెద్ద సుబ్బయ్య, నడిపి సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య అంటేనే ఎవరో తెలుస్తుంది. ఐ5 కూడా అంతే. తాత ఐ5 ఉంది, మనవడు ఐ5 ఉంది. షాపుల్లో అందరినీ ఒట్టి సుబ్బయ్య అనే అంటారు.

తరం తెలిసేది పక్కన గీత తర్వాత ఉండే అంకెల్లో. ఐ5-6300యు అంటే మొదటి అంకె 6, ఆరో తరం. 8250యు ఎనిమిదో తరం. 10210యు పదో తరం. ఇక్కడే ఒక తిరకాసు. 1035జీ1 అని నాలుగంకెలే ఉంటే ఒకటో తరం అనుకోకండి, అది పదోది. 1135జీ7 పదకొండు, 1235యు పన్నెండు. నిజమైన మొదటి తరానికి 520ఎం లాగా మూడంకెలే. 2023 డిసెంబరు నుంచి కొత్త వాటికి 'ఐ' తీసేసి 'కోర్ అల్ట్రా' అంటున్నారు. ఏఎండీ వాళ్ల రైజెన్ ఇంకా గడుసుది. 7520యులో ముందున్న 7ను చూసి మురిసిపోతాం, లోపలి డిజైను తరం చెప్పేది మూడో అంకె, 2.

ల్యాప్‌టాప్ మోడలు పేరు చూసినా చాలదు. థింక్‌ప్యాడ్ టీ480లో ఏడో తరంవీ ఉన్నాయి, ఎనిమిదో తరంవీ ఉన్నాయి. ఆ రెంటికీ మధ్యే పెద్ద గోడ. ఏడో తరం 7200యులో పనిచేసే కోర్‌లు రెండే. 2017లో వచ్చిన 8250యులో నాలుగు. పైగా 2021లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11 తెచ్చినప్పుడు, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అని గీత గీసింది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది.

మేం చూసింది 6300యు. అడ్డదారిన విండోస్ 11 ఎక్కించారన్నమాట. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్‌లు వస్తాయన్న పూచీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. నాలుగేళ్ల చదువుకు ఆ డబ్బంతా దానికి పోసేవాళ్లం. షాపతనికి ఫోన్ చేసి అడిగితే, "నడుస్తోంది కదక్కా" అన్నాడు. అబద్ధం ఆడాడని అనను. ఐ5 అన్నాడు, అది ఐ5నే.

తర్వాత ఇంకోచోట టీ480 ఒకటి 24,000కు దొరికింది. పై 2,000 నా పోపుల డబ్బాలోవి. ఈసారి డబ్బు తియ్యకముందే మా అమ్మాయి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి, "అమ్మా, 8350యు" అని చదివింది. మా ఆయన నా వైపు చూశారు. "ఎనిమిదో తరం, ఇవ్వండి" అన్నాను.