శిశువు నేర్చు భాష, సంఘము పంచు భాష

శిశువు భాషను ఎట్లు నేర్చుకొనును? ఈ ప్రశ్న ఆధునిక భాషాశాస్త్రముతో పుట్టినది కాదు. మన దేశమున మీమాంసకులును వైయాకరణులును వేయి యేండ్లకు పూర్వమే దీనిని నిశితముగా చర్చించిరి. పదమునకు అర్థము ఎట్లు తెలియునను విచారణలో శిశువే వారికి ప్రధానసాక్షి యయ్యెను.

మీమాంసకుల దృష్టాంతము మిక్కిలి సరళమైనది. ఒక పెద్దవాడు మరియొకనితో ఆవును తెమ్మని చెప్పును. విన్నవాడు పోయి ఆవును తెచ్చును. ప్రక్కన నిలిచి చూచుచున్న బాలునకు ఆ పలుకులో ఏ మాట దేనికి పేరో తెలియదు. ఆ మొత్తము పలుకునకును ఈ పనికిని సంబంధము కలదని మాత్రము గ్రహించును. పిమ్మట ఆవును కట్టుమనియు, గుఱ్ఱమును తెమ్మనియు వినును. ఒక మాట తొలగి మరియొకటి చేరినప్పుడెల్ల పనియు మారుట గమనించి, ఏ పదమునకు ఏది అర్థమో క్రమముగా వేరుపరచుకొనును. ఇట్లు పెద్దల వాడుకను చూచి నేర్చుటకు వృద్ధవ్యవహారమని పేరు.

దృష్టాంతము ఒక్కటియైనను దానినుండి తీసిన సిద్ధాంతములు వేరు. బాలుడు వాక్యమునందే పదములను నేర్చెను గనుక, పదము ఇతర పదార్థములతో అన్వయించిన అర్థమునే తెలుపునని ప్రభాకరుని మతము. పదములు మొదట తమ తమ అర్థములను తెలుపుననియు, ఆ అర్థములు పిదప కూడి వాక్యార్థమగుననియు కుమారిలభట్టు అనుయాయులు వాదించిరి. వీరికి పూర్వుడైన భర్తృహరి, వాక్యము అఖండమనియు, శిశువునకు శబ్దజ్ఞానము పూర్వసంస్కారమువలన కలుగుననియు వాక్యపదీయమున ప్రతిపాదించెను.

ఇరువదవ శతాబ్దమున ఈ వివాదమే వేరొక రూపమున తలయెత్తెను. 1957లో అమెరికను మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నరు, భాష కూడ ఇతర ప్రవర్తనలవలె అభ్యాసముచేత అలవడునదేయని వివరించెను. 1959లో నోమ్ చామ్‌స్కీ ఆ గ్రంథమును తీవ్రముగా విమర్శించెను. ఎన్నడును వినని వాక్యములను పిల్లలు పలుకుటకు అనుకరణమాత్రము చాలదని ఆయన పక్షము. ఆ నడుమ 1958లో జీన్ బెర్కో, లోకమున లేని జీవి బొమ్మను చూపి, దానికొక కల్పితనామము పెట్టి, అట్టివి రెండున్నచో ఏమందురని పిల్లల నడిగెను. పిల్లలు బహువచనమును చెప్పగలిగిరి. వారు నేర్చినది మాటలనే కాదు, నియమమును. అయినను ప్రాచీనులను ఆధునికులతో ఏకము చేయరాదు. భర్తృహరి చెప్పిన సంస్కారము పూర్వజన్మాగతము. చామ్‌స్కీ చెప్పిన శక్తి మానవజాతికి సహజమైన జీవధర్మము.

మీమాంసకుల దృష్టాంతమున పెద్దలిద్దరును ఒకే భాష పలుకుదురు. లోకము అట్లుండదు. ప్రయోగమునకు ప్రభువెవరను ప్రశ్న పతంజలి కాలముననే కలదు. సారథి పలికిన ఒక పదమును వైయాకరణుడు తప్పుపట్టగా, నీకు సూత్రము తెలియును గాని వాడుక తెలియదని సారథి అతనికి బుద్ధి చెప్పిన కథ మహాభాష్యమున నున్నది.

ఉత్తరప్రదేశమున సహారన్‌పూరు జిల్లాలోని ఖలాపూరు గ్రామమున జాన్ గంపెర్జ్ పరిశోధించి 1958లో ప్రకటించిన వ్యాసము ఈ విషయమును శాస్త్రీయముగా నిరూపించెను. అచ్చట అస్పృశ్యులుగా ఎంచబడిన కులములవారు అగ్రకులములవారితో దినదినము కలిసి పనిచేయుచుండిరి. అయినను వారి పలుకు వేరుగనే నిలిచెను. భాషను కలుపునది పనిలోని సంపర్కము కాదనియు, చెలిమియనియు ఆయన తేల్చెను. కలిసి ఆడుకొనని పిల్లలు ఒకే ఊర పెరిగినను ఒకే పలుకు నేర్వరు.

ఆ ప్రాంతము ప్రామాణిక హిందీకి మూలమైన ఖడీబోలీ సీమయే. అచ్చటి బాలునకు సైతము పుస్తకభాష ఇంటిభాష కానప్పుడు, భాషయే వేరైన బాలుని స్థితి చెప్పనేల? గిడుగు రామమూర్తి (1863–1940) ఈ కష్టమును గుర్తించి, సవర పిల్లలకు సవరభాషలోనే వాచకములు వ్రాసెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించెను. కాని ఒకే భాషలోని హీనముగా ఎంచబడిన పలుకులకు ఆ రక్షణ లేదు.

బడికి వచ్చు నాటికే శిశువు ఒక వ్యాకరణమును సాధించి యుండును. దానిని తప్పులమూటగా ఎంచు ఉపాధ్యాయుడు ఆ శ్రమను మొదటి దినముననే వ్యర్థము చేయును. ఆవును తెమ్మను మాటను వాడు ఏ యాసలో విన్నను, నేర్చిన విధము ఒక్కటే. నేర్చిన శక్తియు ఒక్కటే.