వైఫై అంటే ఇంటర్నెట్ కాదు: మాటలు కలిసిపోయిన కథ

భిలాయ్ సెక్టార్ క్వార్టర్లలోని తెలుగు ఇళ్లలో ఇప్పుడు తరచూ వినపడే మాట "వైఫై పోయింది". పక్కింటి హిందీలోనూ అదే: "వైఫై చలా గయా". చాలాసార్లు పోయింది వైఫై కాదు. ఇంట్లోని రౌటర్ పెట్టెకూ ఫోనుకూ మధ్య రేడియో సంబంధం చక్కగానే ఉంటుంది. వీధిలోంచి వచ్చే ఫైబర్ లైను ఆగి ఉంటుంది. ఈ రెండూ వేరన్న ఎరుక ఎందుకు చెరిగిపోయింది? జనానికి సాంకేతిక జ్ఞానం లేదని తేల్చేయడం సులువు. ఆ జవాబు నాకు సరిపోదు. ఈ మాటలు మనదాకా వచ్చిన తీరులోనే కారణం ఉంది.

ఈ మాటల తొలి దశలు అందరికీ తెలిసినవే. టెలిగ్రాఫును మనం 'తంతి' అన్నాం. తీగ లేకుండా వార్త పంపడం వచ్చాక 'నిస్తంతి' అన్నాం. హిందీవారు 'తార్', 'బేతార్' అన్నారు. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన ఈ ఉక్కు ఊరు భిలాయ్‌కి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లకు వైర్‌లెస్ అంటే పోలీసు జీపులో గరగరలాడే సెట్టే.

పోటీ పరీక్షల పుస్తకాలు చెప్పే వరస ఒకటుంది: మొదట తీగ నెట్‌వర్కు, తర్వాత తీగ లేని నెట్‌వర్కు. కంప్యూటర్ల మధ్య ఉమ్మడి దారి విషయంలో ఇది తలకిందులు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్‌ను నడిపింది. ద్వీపాల మధ్య కంప్యూటర్ సమాచారాన్ని అది రేడియో మీదే పంపింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడతాయి కదా, అప్పుడు కాసేపాగి మళ్లీ పంపాలి. ఎంతసేపు ఆగాలన్నది యంత్రం యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఈ పద్ధతిని చదివి, మెరుగుపరచి, జిరాక్స్ వారి పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ కేబుల్ మీదికి దించాడు. 1973 మే 22న రాసిన పత్రంలో దానికి పెట్టిన పేరు ఈథర్నెట్. వెలుగును మోసే అదృశ్య పదార్థం ఆకాశమంతా నిండి ఉందని పాత భౌతికశాస్త్రం నమ్మింది. దాని పేరే ఈథర్. అంటే తీగకు ఆకాశం పేరు పెట్టారు. శబ్దం ఆకాశపు గుణమని మన తర్కశాస్త్రం చెప్పింది గనుక ఆ పేరు మనకు అంత పరాయిదిగా తోచదు. ఆ పత్రంలోనే మెట్‌కాఫ్ రేడియో ఈథర్‌నూ ఊహించాడు. కాబట్టి 1997లో వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం వచ్చినప్పుడు తీగ నెట్‌వర్కు గాలిలోకి ఎగిరిందనడం కంటే, పుట్టింటికి తిరిగి వచ్చిందనడం నిజం.

వైఫై అన్న మాటకు 'వైర్‌లెస్ ఫిడెలిటీ' పూర్తి రూపమని ఆ పోటీ పరీక్షల పుస్తకాలే బట్టీ పట్టిస్తున్నాయి. అదీ తప్పే. 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే పేర్ల సంస్థ హైఫైకి ప్రాసగా ఉండేలా ఆ మాటను కల్పించింది. ఆ 'ఫిడెలిటీ' తర్వాత ప్రచారవాక్యంలో అతికించినది.

ఇక మన దేశపు సంగతి. ఇక్కడ వైర్‌లెస్ అన్నది మొదటినుంచీ అనుమతితో ముడిపడిన మాట. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమయ్యేది. పాటలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసులో రుసుము కట్టిన రోజులు 1980ల దాకా సాగాయి. తీగ అలా కాదు. కేబుల్ టీవీ కుర్రాడు స్తంభం నుంచి స్తంభానికి లాగేసేవాడు. అందుకే మన ఊళ్లలో ల్యాన్, అంటే ఒకే చోటి కంప్యూటర్లను కలిపే వల, ముందు తీగగానే పరిచయమైంది. ఇంటర్నెట్ సెంటర్లలో పిల్లలు "ల్యాన్‌లో ఆడదాం" అన్నప్పుడు వాళ్లకు స్పష్టంగా తెలుసు, ఆ ఆటకు బయటి లైనుతో పని లేదని.

2005 జనవరిలో రెండు పనులు జరిగాయి. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. జనవరి 28 నాటి నియమాలతో కేంద్రం వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. ఒకటి వీధి నుంచి ఇంటి గడప దాకా వచ్చే దారి, రెండోది గడప లోపలి దారి. రెండూ ఒకే నెలలో తెరుచుకున్నాయి. ఆనాటి మోడెముల్లో చాలావాటికి తీగే ఉండేది. మాటలు కలిసిపోవడానికి తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ఆ నెల ఒక్కటే కారణమని నేననను. అయితే వైఫై ముందు వచ్చి, ఇంటి ఇంటర్నెట్ పదేళ్ల తర్వాత వచ్చి ఉంటే జనం రెంటినీ విడిగా నేర్చుకునేవారు. మనకు మోడెమ్, రౌటర్, స్విచ్, వైఫై సిగ్నల్ పంచే యాక్సెస్ పాయింట్ అన్నీ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో, ఒకే బిల్లుతో చేరాయి. పెట్టె ఒకటైతే పేరూ ఒకటే అయింది. 2016లో జియో రాకతో ఫోనే రౌటరై, 'హాట్‌స్పాట్' కూడా ఆ గుంపులో కలిసింది.

తెలుగు మాటలూ ఆదుకోలేదు. 'అంతర్జాలం' మంచి మాటే. ఇంటి లోపలి వలకు మాత్రం నిలిచిన పేరు లేదు. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగాక 'తంతి' అన్న మాటే కొత్తతరానికి అర్థం కాకుండా పోయింది, ఇక 'నిస్తంతి' ఎవరి నోట నిలుస్తుంది?

ఇది మాటల పట్టింపు కాదు. పక్క గదిలో సిగ్నల్ అందకపోతే ఎక్కువ స్పీడు ప్లాను కొంటున్నారు. గోడకు అవతల ఒక యాక్సెస్ పాయింట్ పెడితే తీరే ఇబ్బంది అది. ఉక్కు రేకుల షెడ్డులో రేడియో తరంగాలు లోహానికి తగిలి ఎలా చెదురుతాయో ఈ ఊరి కార్మికులకు వేరే చెప్పక్కర్లేదు. పేరు తెలియక వాళ్ల పిల్లలు డబ్బు పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పాఠాలు రాసేవారికి ఒక మనవి. ఫుల్ ఫారాల పట్టిక తీసేయండి. దాని బదులు పిల్లల చేత ఇంట్లో రౌటర్‌కు వచ్చే బయటి తీగను ఒక్క నిమిషం పీకించండి. ఇంటర్నెట్ ఆగినా ఫోనులో వైఫై గుర్తు పోకుండా ఉండటం వాళ్లే చూస్తారు.