ఒక మంత్రసాని దినచర్య

మంత్రసానితనమునకు ఒప్పుకొన్నతరువాత ఏది వచ్చినను పట్టవలసినదే యని మనలో నొక సామెత కలదు. దీనిని మనము నవ్వుటకై వాడుకొందుమే గాని, అందలి కష్టమెట్టిదో యోచించువా రరుదు. ఒప్పుకొన్నపిదప వెనుదీయుటకు వీలులేని వృత్తి యది. అర్ధరాత్రమనక, వానయనక, తన యింట రోగులున్నారనక పిలిచినచోటికి పోవలెను. రెండు ప్రాణములకు పూచీపడవలెను. ఇట్టి వృత్తికి చరిత్రలో చోటేల లేకపోయెను? చరిత్ర వ్రాసినవారు పురిటిగదిలో నుండలేదు. పురిటిగదిలో నున్నవారు వ్రాయలేదు. ఇదియే ముఖ్యకారణము.

ఈ నియమమునకు భిన్నముగా, తన పనిని తానే వ్రాసియుంచిన మంత్రసాని అమెరికాదేశమున నొకతె యుండెను. ఆమె పేరు మార్తా బల్లార్డు. 1735లో మసాచుసెట్సు ప్రాంతమునందలి ఆక్స్‌ఫర్డను గ్రామమున జన్మించెను. ఆమెకు తొమ్మండుగురు సంతానము. 1769లో కంఠసర్పి వ్యాపింపగా కొలది దినములలోనే మువ్వురు కుమార్తెలను పోగొట్టుకొనెను. తరువాత ఆ కుటుంబము ఉత్తరమున కెన్నెబెక్కు నదీతీరమందలి హాలోవెల్లను గ్రామమునకు తరలిపోయెను. ఆ ప్రాంతము నేడు మెయిన్ రాష్ట్రములోనిది. అచ్చట 1785 జనవరి 1వ తేదిని ఆమె దినచర్య వ్రాయ మొదలిడి, 1812 మే నెలవరకు, అనగా ఇరువదియేడేండ్లకు పైగా సాగించెను. ఆ కాలములో ఆమె చేతిమీదుగా జరిగిన పురుళ్లు 816.

ఈ గ్రంథమున అలంకారములు లేవు, ఆత్మస్తుతి లేదు. నాటి వాతావరణము, తాను పోయిన యిల్లు, పుట్టిన శిశువు ఆడో మగో, తల్లి క్షేమము, ముట్టిన రుసుము, ఇంట జరిగిన నేత, తోటపని — ఇంతియే. పురుళ్లకు అంచున వరుససంఖ్య వేసికొనెడిది. రుసుము ముట్టినపుడు ఒక గుర్తు పెట్టెడిది. సాధారణముగా పురుటికి ఆరు షిల్లింగులు. డబ్బులేనివారు ధాన్యముగానో, బట్టగానో, మరియొక వస్తురూపముగానో చెల్లించెడివారు. తన యార్జనకు తానే లెక్క వ్రాసికొనిన గృహిణి ఆ దినములలో నెందరుండిరో పాఠకులే ఊహింతురు గాక.

ఆమె పని పురుటితో ముగిసెడిది కాదు. గర్భిణికి నొప్పులారంభింపగానే పిలుపు వచ్చును. గుఱ్ఱముమీదనో, కాలినడకనో, నాటుపడవలోనో పోవలెను; చలికాలమున గడ్డకట్టిన నదిమీద నడచి దాటవలెను. 1789 ఏప్రిలులో పెనుగాలివానలో పోవుచుండగా, ఒక వృక్షము వేళ్లతో పెకలి ఆమె యెదుటనే కూలెను. గుఱ్ఱము బెదరి వెనుకకు దుమికెను. అయినను ఆమె మరలిపోక పిలిచినయింటికి చేరెను. అచ్చటికి ఇరుగుపొరుగు స్త్రీలు కూడుదురు. కాన్పైన పిదప బాలింతను కనిపెట్టుకొని యుండుటకు వేరొక స్త్రీ కుదురును. ఇదిగాక ఆమె మూలికలు పెంచి కషాయములు కాచెడిది, కాలిన పుండ్లకు మందువేసెడిది, మరణించినవారికి కడపటి స్నానము చేయించి బట్టలు తొడిగెడిది. జననమరణముల రెండుగుమ్మములయొద్దను ఆమెయే నిలిచియుండెనని చెప్పవచ్చును.

ఈ వృత్తిలో ధర్మసంకటములును గలవు. అవివాహితయైన స్త్రీ ప్రసవవేదనలో శిశువుయొక్క తండ్రిని పేర్కొన్నచో ఆ మాట న్యాయస్థానమున సాక్ష్యముగా గ్రహింపబడుట ఆ దేశాచారము. ఆ ప్రశ్న వేయుట మంత్రసానికి విధి. 1791లో సాలీ పియర్సను యువతికి పురుడుపోయుచు మార్తా ఆ ప్రశ్న వేయగా, వచ్చిన పేరు తన సొంత కుమారుడైన జోనథానుది! ఆమె దానిని దాచలేదు. మరియొకరి కుమారుని పేరు వ్రాసినట్లే దినచర్యలో వ్రాసెను. మరుసటి సంవత్సరము జోనథాను ఆ యువతిని వివాహమాడెను. కొడుకు తప్పునకు కోడలిని నిందించు లోకములో, విధికిని వాత్సల్యమునకును నడుమ ఆ తల్లి ఎటువైపు నిలిచెనో గమనింపదగినది.

ఇక ఆమె నైపుణ్యమన్ననో, లెక్కలే చెప్పుచున్నవి. అన్ని కాన్పులలోను ప్రసవసమయమున ఆమె చేతిలో ఒక్క తల్లియు మరణింపలేదు. పురిటిదినములలో తరువాత మరణించిన బాలింతలు ఐదుగురు. ఐరోపాఖండములోని ఒక గొప్ప వైద్యశాలతో దీనిని పోల్చి చూడుడు. వియన్నానగరపు ప్రసూతిశాలలో రెండు విభాగములుండెను. 1846లో వైద్యవిద్యార్థులు నేర్చుకొను మొదటి విభాగమున నూటికి పదునొకండుగురికి పైగా తల్లులు మృతినొందగా, మంత్రసానులు నేర్చుకొను రెండవ విభాగమున నూటికి మువ్వురికంటె తక్కువగనే మృతినొందిరి. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే గర్భిణులను పరీక్షించుచుండుట దీనికి హేతువని సెమ్మెల్‌వైసను వైద్యుడు గ్రహించి, 1847లో క్లోరిన్ సున్నపునీటితో చేతులు కడుగుకొను నియమము పెట్టగా మరణములు శీఘ్రముగా తగ్గెను.

దీనివలన విద్య వలదనిగాని, పాతపద్ధతులన్నియు మంచివనిగాని తలపరాదు. అశుచియైన కత్తితో బొడ్డుకోసి ధనుర్వాతము తెచ్చిపెట్టిన చేతులును లోకమున నెన్నో కలవు. మార్తాకును సూక్ష్మక్రిములసంగతి తెలియదు. విద్యాగర్వము అనుభవమును త్రోసిపుచ్చరాదు. అనుభవము విద్యను నిరాకరింపరాదు. ఈ రెండును కలిసినచోటనే తల్లి బ్రదుకును. మనదేశమునందును ఈ కలయికకై యత్నములు జరిగినవి. 1844లో చెన్నపట్టణమున ప్రసూతివైద్యశాల వెలసెను. 2017లో తెలంగాణ రాష్ట్రమున శిక్షితులైన నర్సులకు మంత్రసానితనమున ప్రత్యేకశిక్షణ ఆరంభమయ్యెను. 2018లో కేంద్రప్రభుత్వమువారు ఈ విషయమై మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. ఒకప్పుడు పరిహాసమునకు గురియైన వృత్తి మరల గౌరవపదమును పొందుచుండుట సంతోషదాయకము.

మార్తా బ్రదుకు సుఖాంతమని చెప్పజాలము. పన్నులు వసూలుచేసి చెల్లింపలేకపోయినందున 1804లో ఆమె భర్త ఋణమునకై చెరసాలపాలయ్యెను. ఆమె ముదిమియందు కట్టెలకును ఇబ్బందిపడుచు, పిలిచినవారి యిండ్లకు పోవుట మానలేదు. 1812 వసంతములో, డెబ్బదియేడేండ్ల ప్రాయమున, మరణమునకు కొలదివారములు ముందు సైతము పురుళ్లు పోసెను. ఆమె దినచర్య వంశములో చేతులుమారి, 1884లో మునిమనుమరాలి కుమార్తెయు వైద్యురాలునైన మేరీ హోబర్టునకు చేరెను. 1930లో ఆమె దానిని మెయిన్ రాష్ట్ర గ్రంథాలయమున కొసగెను. నడుమ 1870లో ఆ పట్టణచరిత్రమును రచించినవారు దీనిని చూచియు, సామాన్యపాఠకులకు పనికివచ్చునది స్వల్పమని త్రోసివేసిరి. ఆ స్వల్పములనే ఏండ్లతరబడి లెక్కించి, లారెల్ థాచర్ ఉల్రిక్కను విదుషి 1990లో నొక మహాగ్రంథము ప్రకటింపగా, మరుసటియేడు దానికి పులిట్జరు బహుమానము లభించెను. వ్రాత మారలేదు, చదివిన కన్ను మారినది.

మన యిండ్లలో శిశువు భూపతనమైన గడియవిగడియలను గుర్తించి జాతకచక్రము వేయింతుము. మూసిన తలుపుల వెనుకనుండి ఆ క్షణమును కేకవేసి చెప్పినది మంత్రసానియే. ఆమె చెప్పిన కాలము జాతకమున నిలిచినది. ఆమె పేరు నిలువలేదు. సోదరీమణులారా! మీ యింటి వృద్ధులు జీవించియుండగనే, మీకును మీ తల్లులకును పురుడుపోసిన వారెవరో అడిగి, వారి పేరును ఊరును ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. రాజులచరిత్రము వ్రాయుటకు శాసనములు కావలెను. ఈ చరిత్రమునకు ఒక కాగితమును, అడుగుటకు మనస్సును చాలును.