పట్టులో తెలిసే తిండి

చేతిపట్టు కొలిచే పరికరానికి మొదట్లో ఆస్పత్రితో పనే లేదు. 1798లో పారిస్‌కు చెందిన ఎద్మె రెనియే అనే యంత్రకారుడు తన డైనమోమీటర్‌ను లోకానికి పరిచయం చేశాడు. కోలగా ఉండే ఉక్కు స్ప్రింగు, ముల్లు, డయలు... అంతే. పక్కల నుంచి నొక్కితే మనిషి పిడికిలి బలం, రెండు కొసలూ పట్టి లాగిస్తే గుర్రం బలం. అప్పట్లో అందరి ఆసక్తీ బలవంతుల మీదే.

బక్కచిక్కిన రోగుల సంగతి పట్టించుకున్నవాళ్లు వేరే. 1936లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హైరమ్ స్టడ్లీ అనే సర్జన్, కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల లెక్కలు తీశాడు. అంతకుముందే ఐదో వంతుకు మించి బరువు తగ్గినవాళ్లలో మూడో వంతు మంది చనిపోయారు. మిగతావాళ్లలో నూటికి నలుగురు కూడా పోలేదు.

అయితే తూకాన్ని పూర్తిగా నమ్మలేం. ఒంటికి నీరు పడితే, కరిగిన కండ లెక్కలోకే రాదు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చూద్దామంటే, తిండి లోపం లేకున్నా ఇన్‌ఫెక్షన్ వస్తే చాలు, పడిపోతుంది.

1980లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో క్లిడ్జియన్, కరాన్ తదితర వైద్యులు ఆపరేషన్‌కు ముందు రోగుల శరీర కొలతలతో పాటు చేతిపట్టూ చూశారు. ఆ తర్వాత ఎవరికి పెద్ద చిక్కులు వస్తాయో పసిగట్టడంలో మిగతా కొలతలన్నిటికన్నా పట్టే ముందుంది. చవకైన స్ప్రింగు అంత పని చేసిందంటే, నన్నడిగితే, ఈ కథకు అదే అసలు మలుపు.

ఇందుకు కారణం టొరంటోలో జీజీభాయ్ బృందం చూపించింది. బొటనవేలిని కదిలించే కండరాన్ని, దాని నరానికి కరెంటు తగిలించి పరీక్షిస్తే, పస్తులున్నప్పుడు కండ కరగకముందే దాని పనితీరు దెబ్బతింటోంది. మళ్లీ తిండి పెడితే, కండ పట్టకముందే కోలుకుంటోంది.

2012లో అమెరికన్ నిపుణులు పోషకాహార లోపాన్ని గుర్తించే ఆరు లక్షణాల్లో చేతిపట్టు తగ్గడాన్నీ చేర్చారు. ఆరింటిలో కనీసం రెండు కనిపించాలి. పట్టు కొలిచేటప్పుడు రోగిని కూర్చోబెట్టి, మోచేయి తొంభై డిగ్రీలకు వంచి, బలమంతా పెట్టి నొక్కమంటారు. కండబలం తగ్గిందనడానికి ఆసియా నిపుణులు 2019లో పెట్టిన హద్దు మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18. కీళ్లవాతం ఉన్నా, పక్షవాతం వచ్చినా ముల్లు కిందికే దిగుతుంది. కాబట్టి ఆ అంకె చూసి రోగి తిండి సంగతి ఆరా తీయాలే గాని, అంకె ఒక్కదానితోనే రోగం తేల్చేయకూడదు.