తోళ్ళ లెక్క

కోరింగ మడ అడవుల్లో పడవ మీద పోయేవాళ్ళకు అప్పుడప్పుడూ నీరుకుక్కల గుంపు కనబడుతుంది. చేపను కరుచుకుని బురదగట్టు ఎక్కుతాయి, ఎండలో బొచ్చు ఆరబెట్టుకుంటాయి. వాటి దాయాది ఒకటి ఉత్తర పసిఫిక్‌లో ఉంది. అది గట్టెక్కడం తక్కువ. తిండీ నిద్రా నీళ్ళలోనే, కాన్పు సైతం ఎక్కువగా అక్కడే. తిమింగలానికీ సీలుకూ చర్మం కింద మందపాటి కొవ్వు ఉంటుంది. సముద్రపు నీరుకుక్కకు ఆ దుప్పటి లేదు. చదరపు అంగుళంలో పది లక్షల దాకా వెంట్రుకలు, వాటి మధ్య చిక్కుకున్న గాలి, ఇవే దాని చలికోటు. అదీ చాలక రోజూ తన బరువులో నాలుగో వంతు తినాలి. దాదాపు రెండు వందల యేళ్ళపాటు లోకం దానిలో చూసింది ఆ కోటునే.

1741 నవంబరులో, రష్యా తరఫున అన్వేషణకు వెళ్ళిన వైటస్ బేరింగ్ ఓడ కమ్చట్కాకు తూర్పున, జనసంచారం లేని దీవికి కొట్టుకుపోయింది. బేరింగ్ ఆ డిసెంబరులో అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్ళను బతికించిన తిండిలో ఈ జంతువు మాంసం ఒకటి. వాళ్ళలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త గియోర్గ్ స్టెల్లర్ దాని నడతను, తల్లి పిల్లను పొట్ట మీద మోసే తీరును ఓపిగ్గా రాసుకున్నాడు. మరుసటి యేడు పాత ఓడ చెక్కలతోనే చిన్న పడవ కట్టుకుని తిరిగొచ్చారు. స్టెల్లర్ రాతలు అచ్చయ్యేసరికి 1751 వచ్చింది. వాళ్ళు తెచ్చిన సుమారు 900 తోళ్ళ కబురు మాత్రం అన్నాళ్ళు ఆగలేదు.

చైనాలో ఆ తోలుకు పలికిన ధర రష్యన్ వర్తకులను దీవి తర్వాత దీవికి నడిపించింది. వేట వాళ్ళకు చేతకాదు. తోలు పడవలో కూర్చుని గురి చూసి ఈటె విసరగలవాళ్ళు ఆ దీవుల జనం, అల్యూట్లు. వాళ్ళ ఇళ్ళవాళ్ళను బందీలుగా పట్టుకుని మగవాళ్ళను వేటకు తోలారు. ఒక్క వాక్యంతో దాటేయదగ్గ సంగతి కాదిది: హింసతో, కొత్త రోగాలతో ఆ జనమూ నీరుకుక్కలతో పాటే తరిగిపోయారు. 1778లో కెప్టెన్ కుక్ నావికులు ఉత్తర అమెరికా పడమటి తీరాన నూట్కా దగ్గర చవగ్గా కొన్న తోళ్ళు చైనా రేవు కాంటన్‌లో కళ్ళు చెదిరే ధరకు పోయాక, ఇంగ్లీషు ఓడలూ బోస్టన్ ఓడలూ దిగాయి. తోళ్ళ రాబడి పడిపోయాక, 1867లో రష్యా అలాస్కాను అమెరికాకు 72 లక్షల డాలర్లకు అమ్మేసింది.

1911లో నాలుగు దేశాలు చేసుకున్న ఒప్పందం అసలు సీళ్ళ కోసం. నీరుకుక్కకు అందులో చోటు దొరికింది. ఒకప్పటి లక్షన్నర, మూడు లక్షల మధ్య సంఖ్య అప్పటికి సుమారు రెండు వేలకు దిగింది. కాలిఫోర్నియాలో ఇక లేవనే అనుకున్నారు. 1938లో బిక్స్‌బీ వాగు దగ్గర ఒక గుంపు బయటపడింది, సుమారు 50.

అణు పరీక్షలు కూడా ఈ కథలోకి వస్తాయి. 1965, 1969, 1971లలో అమెరికా అలాస్కాలోని ఆమ్చిట్కా దీవి కింద బాంబులు పేల్చింది. చివరిది వందలాది నీరుకుక్కలను చంపింది. ఆ పరీక్షల పుణ్యమా అనే కొన్నిటిని ముందుగా ఇతర తీరాలకు తరలించారు, జేమ్స్ ఎస్టెస్ అనే యువకుడికి అక్కడ పరిశోధన దొరికింది. ఆమ్చిట్కా నీళ్ళలో కెల్ప్ అనే భారీ నాచు అడవిలా ఉంది. నీరుకుక్కలు లేని షెమ్యా దీవి దగ్గర దిగితే నేలంతా ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్‌లే, నాచు లేదు. అర్చిన్‌లు నాచును మేస్తాయి, నీరుకుక్క అర్చిన్‌లను తింటుంది. 1974లో జాన్ పాల్మిసానోతో కలిసి ఎస్టెస్ ఈ సంగతి ప్రకటించాడు. జంతువు విలువ అది లేని చోటే తెలిసింది.

ఆ తర్వాత కథ సాఫీగా ఏమీ సాగలేదు. 1987 నుంచి 140 నీరుకుక్కలను దక్షిణ కాలిఫోర్నియాలోని సాన్ నికొలాస్ దీవికి చేర్చారు. అబలోన్ అనే సముద్రపు నత్తలను పట్టేవాళ్ళ గొడవ తీర్చడానికి మిగతా దక్షిణ తీరంలో వాటికి ప్రవేశం లేదని హద్దు గీశారు. దీవికి చేర్చినవి చాలావరకు ఈదుకుంటూ వెళ్ళిపోయాయి. హద్దు 2012లో రద్దయింది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ఒలికిన చమురు బొచ్చుకు అంటుకుని గాలి పొరను చెరిపేసి వేలల్లో చంపింది.

2014 తర్వాత ఉత్తర కాలిఫోర్నియాలో కెల్ప్ తొంభై శాతానికి పైగా పోయింది. అక్కడ నీరుకుక్కలు లేవు. మాంటరేలో ఉన్నాయి. అయితే అవి నాచు మిగిలిన చోట, లోపల నిండుగా ఉన్న అర్చిన్‌లనే ఏరుకు తింటున్నాయి. బీడుపడ్డ చోటి డొల్ల అర్చిన్‌ల జోలికి పోవడం లేదు.